పాత కాలనీ, కొత్త అంతస్తులు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

హైదరాబాద్‌లో నలభై, యాభై ఏళ్ల కిందట పడ్డ కాలనీల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. 300 గజాల్లో ఒక డాబా ఇల్లు, రెండు కొబ్బరిచెట్లు ఉన్న చోట ఇప్పుడు స్టిల్ట్ (పార్కింగ్‌కు వదిలిన స్తంభాల అంతస్తు) మీద నాలుగైదు అంతస్తులు లేస్తున్నాయి. కింది పైపులు, మోరీలు, రోడ్డు వెడల్పు మాత్రం ఆనాటివే. ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే తిరిగాయి. భవన నిర్మాణం, నీటి సరఫరా, ఆస్తి పత్రాల పని తెలిసినవారు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: పక్క ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్‌కు పునాదులు తవ్వుతున్నారు. మాది 1986లో కట్టిన రాతి పునాది ఇల్లు. మా ప్రహరీ పక్కనే జేసీబీతో నిలువుగా కోసేశారు. ఆ వైపు గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట కనబడుతోంది. బిల్డర్‌ను అడిగితే "పాత ఇల్లు కదండీ, బీటలు మామూలే" అంటున్నాడు. ఏం చేయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: ముందు ఆ బీట కొత్తదో పాతదో తేల్చండి. పాత బీట అంచులు మొద్దుబారి ఉంటాయి, లోపల దుమ్మో సాలెగూడో రంగు జాడో కనిపిస్తుంది. కొత్తదైతే అంచులు పదునుగా, లోపలి సిమెంటు శుభ్రంగా ఉంటుంది. ప్లాస్టరు మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలకు భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా దిగిన బీట అలాంటిది కాదు. గోడ ఒక కొస కిందికి దిగుతున్నప్పుడు వచ్చే బీట అది.

అది ఆగిందా, ఇంకా పెరుగుతోందా అన్నది తర్వాత చూడాలి. బీట మీద రెండంగుళాల మేర ప్లాస్టరు గీకి, అడ్డంగా ఒక పలుచటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలనూ ఎపాక్సీ గమ్ముతో అతికించండి. పక్కనే తేదీ రాయండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. బీట పైకొసన, కిందికొసన పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి, స్కేలు ఆనించి రోజూ ఫోటో తీయండి. 1 మిల్లీమీటరు లోపు ఉండి ఆగిపోతే తర్వాత పూడ్చుకోవచ్చు. రోజురోజుకూ పెరుగుతున్నా, 5 మిల్లీమీటర్లు దాటినా, తలుపులు బిగుసుకుంటున్నా ఆ గది ఖాళీ చేసి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఆ పని మేస్త్రీతో అయ్యేది కాదు.

తవ్వకం ప్రమాదకరమా కాదా అని మీరే ఒక లెక్కతో చూడొచ్చు. మీ పునాది అడుగు అంచు నుంచి పక్క ప్లాటు వైపు కిందికి 45 డిగ్రీల వాలుగా ఒక గీత ఊహించుకోండి. వాళ్ల గుంత ఆ గీతకు పైనే ఉంటే భయం తక్కువ. గీతను కోసుకుని కిందికి పోయిందంటే మీ పునాది కింది మట్టికి పక్క ఆసరా పోయినట్టే. మీ పునాది లోతు 4 అడుగులు, వాళ్ల గుంత 8 అడుగులు అయితే, గుంత అంచుకూ మీ పునాదికీ మధ్య కనీసం 4 అడుగుల దూరం కావాలి. చాలా కాలనీల్లో అంత జాగా ఉండదు. అందుకే పద్ధతి ముఖ్యం. గోడ పొడవునా ఒక్కసారిగా కోయకూడదు. ఐదారు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, అక్కడ కాంక్రీటు వేసి మట్టి నింపాకే మధ్యలో వదిలిన ముక్కలు తవ్వాలి. 1.5 మీటర్లు దాటిన నిలువు కోతకు పలకలు, అడ్డదూలాలతో ఆసరా కట్టాలి. తవ్వి తీసిన మట్టిని గట్టు మీదే పోస్తే ఆ బరువుకే గట్టు జారుతుంది.

మీ దగ్గర ఇప్పటికే కోసేశారు కాబట్టి ఇవాళే చేయించాల్సిన పనులు రెండు. కోసిన గోడకు ఆనించి ఇసుక బస్తాలు మెట్లుమెట్లుగా, అడుగున వెడల్పుగా పేర్పించండి. గట్టు మీద టార్పాలిన్ కప్పించి, గుంతలో నీళ్లు చేరితే వెంటనే తోడించండి. గట్లు కూలేది ఎక్కువగా వాన పడిన రాత్రే.

కాగితం పని కూడా వెంటనే మొదలుపెట్టండి. సైటు దగ్గర అనుమతి నంబరుతో బోర్డు ఉండాలి. ఆ నంబరు పట్టుకుని మున్సిపల్ సర్కిల్ ఆఫీసు టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. ఫోటోలు జతచేసి స్థల యజమానికి, బిల్డర్‌కు, ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజినీరుకు విడివిడిగా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఇంజినీరుకు పంపే నోటీసే చురుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే పోయేది ఆయన లైసెన్సు. పక్క నేల నుంచి మీ నేలకు అందే సహజమైన ఆసరా మీ హక్కేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్క స్థలంపై ఉండే హక్కుల) చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. ఇంటి బరువుకు కూడా ఆ ఆసరా హక్కు కావాలంటే 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించి ఉండాలి. 1986 నాటి మీ ఇంటికి ఆ లెక్క ఎప్పుడో దాటింది. పని ఆపకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) అడగడానికి ఇది గట్టి ఆధారం.

పక్కింట్లో ఇంకా కూల్చివేత మొదలుకాని పాఠకులకు ఒక మాట: తవ్వకానికి ముందే బిల్డర్‌నూ పిలిచి, ఇల్లంతా తిరిగి, ఉన్న బీటలన్నీ ఫోటోలు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. తర్వాత "మామూలే" అనే మాటకు చోటుండదు.

ప్రశ్న: రెండు రోజులకోసారి నల్లా వస్తుంది. కొన్నాళ్లుగా మొదటి పది నిమిషాలు నీళ్లు మోరీ వాసన వస్తున్నాయి, తర్వాత బాగుంటున్నాయి. వీధిలో కొందరికే ఇలా ఉంది. ఆర్వో మెషీన్ ఉంది కదా, ఫర్వాలేదా?
— గృహిణి, కుషాయిగూడ

జవాబు: ఫర్వా ఉంది. ఆ నీళ్లతోనే గిన్నెలు కడుగుతారు, పళ్లు తోముకుంటారు.

మొదటి పది నిమిషాలే వాసన రావడానికి కారణముంది. నల్లా రాని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. చుట్టూ తడిగా మురుగు ఉంటే, తుప్పుపట్టిన చిల్లులోంచో వదులైన జాయింటులోంచో అది లోపలికి చేరుతుంది. నీళ్లు వదలగానే ముందు అదే బయటికొస్తుంది. వీధిలో ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగుతుంటే సంగతి ఇంకా చెడుతుంది. మోటారు పీల్పుకు నీళ్లున్న గంటల్లో కూడా చిల్లుల్లోంచి మురుగు లోపలికి వస్తుంది. నల్లాకు మోటారు పెట్టడం నేరం. పట్టుబడితే మోటారు స్వాధీనం చేసుకుని జరిమానా వేస్తారు. ప్రెషరు లేదని ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లకు ప్రెషరు పడిపోతుంది, వాళ్లూ కొంటారు. చివరికి వీధంతా మోటార్లే, నీళ్లు మాత్రం అవే.

లోపం ఎక్కడుందో మీరే సగం పట్టుకోవచ్చు. నల్లా వచ్చిన మొదటి నిమిషంలో సంపులోకి పోకముందే ఒక సీసాలో పట్టండి. తర్వాత సంపులోంచి ఒక సీసా, పైట్యాంకు కింద కుళాయి నుంచి ఒక సీసా. నల్లా సీసాలోనే వాసన ఉంటే లోపం వీధిలో గానీ, మెయిన్ లైను నుంచి మీ గేటు దాకా వచ్చే పైపులో గానీ ఉంది. నల్లా సీసా బాగుండి సంపు సీసా చెడ్డదైతే లోపం మీ ఇంట్లోనే. అప్పుడు సంపు ఖాళీ చేసి, తుడిచి, రెండు గంటలు గోడలను గమనించండి. డ్రైనేజీ చాంబరు వైపు గోడలో చెమ్మ ఊరితే అదే దారి. సంపు మూత నేల మట్టానికే ఉంటే వాన నీళ్లు, కారు కడిగిన నీళ్లు అందులోకే పోతాయి. మూత చుట్టూ కనీసం 6 అంగుళాల గట్టు కట్టించండి.

నీళ్లలో మలం జాడ పట్టే హెచ్‌2ఎస్ టెస్ట్ సీసా దొరుకుతుంది. గీత వరకు నీళ్లు పోసి గది ఉష్ణోగ్రతలో ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడితే మలం కలిసినట్టు అనుమానించాలి. ఫిర్యాదుకు ఆ సీసా ఫోటో జతచేయండి. వాటర్ బోర్డు 155313కి ఫోన్ చేసి మీ క్యాన్ నంబరు (నీళ్ల బిల్లు మీది కనెక్షన్ నంబరు), నీళ్లొచ్చే సమయం, ఏ ఏ ఇళ్లలో వాసన ఉందో చెప్పండి. "నీళ్లు బాగాలేవు" అని ఊరుకుంటే సిబ్బంది మధ్యాహ్నం వచ్చి, నల్లా లేదని తిరిగిపోతారు. ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా ఉందో చెబితే తవ్వాల్సిన చోటు పది అడుగులకు కుదించుకుపోతుంది.

మీ ఇంటి పైపు జింకు పూత పూసిన పాత ఇనుప (జీఐ) పైపైతే, అది మోరీలోంచి వెళుతుంటే, అనుమానం దానిమీదే పెట్టుకోండి. మెయిన్ లైనుకు తగిలించిన చోటు నుంచి లోపలి పైపు మార్చే ఖర్చు సాధారణంగా ఇంటివారిదే. మళ్లీ జీఐ వేయకండి, నీలి చారల నల్ల పాలిథీన్ పైపు వేయించండి. మోరీ దాటే చోట దానిపై ఇంకో పెద్ద పైపు తొడిగించండి. మధ్యలో జాయింటు పెట్టనివ్వకండి.

లోపం సరిచేశాక సంపు కడగాలి. బకెట్టు (15 లీటర్లు) నీళ్లలో 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్న నీటితో గోడలు రుద్ది, అరగంట వదిలి కడిగేయండి. ముందు మూత తీసి చాలాసేపు గాలాడనివ్వాలి. దిగేవారి దగ్గర పైన ఇంకొకరు ఉండాలి. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఒకచోట కలిపితే వచ్చే క్లోరిన్ వాయువు సంపులాంటి మూసిన చోట ప్రాణాంతకం. తర్వాత రోజువారీ మోతాదు 1,000 లీటర్లకు 4 గ్రాములు. మగ్గులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనీళ్లు మాత్రం సంపులో పోసి, అరగంట ఆగి వాడుకోవాలి. పాకెట్టు విప్పి నెలలైతే పౌడర్ ఘాటు పోతుంది. ఘాటు లేని పౌడర్‌ను ఎంత పోసినా లాభం లేదు. లైను బాగయ్యేదాకా తాగే నీళ్లు తెర్లబెట్టండి.

ప్రశ్న: వాన పడితే చాలు, మా వీధి మ్యాన్‌హోల్ పొంగి గ్రౌండ్‌ఫ్లోర్ బాత్రూముల్లోకి మురుగు వస్తోంది. అపార్ట్‌మెంట్లు ఎక్కువై లైను చాలడం లేదని, పెద్ద పైపు వేయమని సంతకాలు సేకరిస్తున్నాం. సరైన దారేనా?
— కాలనీ సంక్షేమ సంఘం సభ్యుడు, ఆల్విన్ కాలనీ

జవాబు: సంతకాలు పెట్టే ముందు ఈ లెక్క చూడండి. వాన లేని రోజు పొంగుతోందా, వాన పడినప్పుడే పొంగుతోందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

ఒక వీధిలో పది ప్లాట్లు, ఒక్కోదానిలో పది ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మొత్తం 400 మంది అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందన్నది ఇంజినీర్లు వేసే లెక్క. అంటే రోజుకు దాదాపు 43,000 లీటర్లు. ఉదయం రద్దీ వేళ దానికి మూడింతలు వేసుకున్నా సెకనుకు ఒకటిన్నర లీటరే. నూరడుగులకు ఒక అడుగు వాలున్న 6 అంగుళాల పైపు సెకనుకు దాదాపు 15 లీటర్లు మోయగలదు. కాబట్టి పూడిక లేకపోతే వాన లేని రోజు ఆ లైను పొంగకూడదు.

ఇప్పుడు వాన సంగతి. ప్లాటుకు 250 చదరపు మీటర్ల చొప్పున పది ప్లాట్ల డాబా, సిమెంటు నేల మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు దాదాపు 35 లీటర్లు. డాబా పైపులన్నీ డ్రైనేజీ చాంబరులోకే కలిపి ఉంటే ఆ నీళ్లన్నీ మ్యాన్‌హోల్‌కే వస్తాయి. 12 అంగుళాల పైపు వేసినా అది కింద ఎక్కడో పాత లైనులోనే కలవాలి, అక్కడ పొంగుతుంది. మీ వీధి బురద పక్క వీధికి పోతుందంతే.

కాబట్టి సంతకాల కాగితంతో కాదు, సంఘం వాళ్లు ఇద్దరు ముగ్గురు డాబాలు ఎక్కి చూడటంతో మొదలుపెట్టండి. ఏ పైపు ఎక్కడ దిగుతోందో తెలియకపోతే, డాబా మూల నుంచి బకెట్టెడు నీళ్లు పోసి కింద చాంబరు మూత తీసి చూస్తే చాలు. డ్రైనేజీలో దిగుతున్న ప్రతి వాన పైపునూ విడదీసి ఇంకుడుగుంతకు, మిగిలింది రోడ్డు పక్క వాననీటి కాలువకు మళ్లించాలి. వాన పడుతుంటే మ్యాన్‌హోల్ మూత తీసి రోడ్డు నీళ్లు లోపలికి వదలడం మన దగ్గర అలవాటు. అది మానాలి. చెత్త, ఇసుక లోపలికి పోవడమే కాదు, నీళ్లలో మూత లేని గుంత కనబడక మనుషులు పడి చనిపోయిన సందర్భాలున్నాయి.

ఇక పూడిక. కొత్త సైట్లలో సెంట్రింగ్ కడిగిన సిమెంటు నీళ్లు, టైల్స్ కోసిన బురద చాంబరులోకి వదిలితే అది లోపల గట్టిపడి రాయవుతుంది. తర్వాత నీళ్ల ఒత్తిడితో పూడిక తోసే జెట్టింగ్ మెషీన్‌కూ కదలదు. మీ వీధిలో ఇల్లు కడుతున్న ప్రతిచోటా ఇది అడగండి. టిఫిన్ సెంటర్లు, హాస్టళ్ల చాంబరుకు ముందు నూనె, పూడిక ఆగే సిల్ట్ చాంబరు ఉండాలి, దాన్ని నెలకోసారైనా తీయాలి.

గ్రౌండ్‌ఫ్లోర్ వారికి తక్షణ ఉపాయం: ఇంటి చివరి చాంబరులో వెనక్కి రానివ్వని వాల్వు బిగించుకోవడం. ఫ్లాపు కింద గుడ్డపేలిక ఒకటి ఇరుక్కుంటే అది మూసుకోదు, కాబట్టి వానాకాలం ముందు తీసి కడగాలి. వాల్వు మూసుకున్నంతసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవని గుర్తుంచుకోండి. పై అంతస్తుల పైపు దానికి ముందే కలిసి ఉంటే వాళ్ల నీళ్లు మీ బాత్రూములో తేలతాయి. పై పైపును వాల్వు తర్వాత కలిపించాలి.

లోపలికి మనిషిని దింపి తీయిస్తామనేవారు దొరుకుతారు. వద్దు. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, మ్యాన్‌హోల్ వాయువు ఒక్క ఊపిరికే మనిషిని పడేస్తుంది. 155313కి చెప్పి మెషీన్ తెప్పించండి.

ప్రశ్న: ఇంకుడుగుంత తవ్వించాం, రెండో ఏటికే నీళ్లు దిగడం మానేసింది. బోరు కూడా ఎండింది. ఎక్కడ పొరపాటు?
— ఫ్లాటు యజమాని, మియాపూర్

జవాబు: మూడు చోట్ల చూడండి. మొదటిది లోతు. మన దగ్గర పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి. బంకమట్టిలోనే ఆపేసిన గుంత నీళ్ల తొట్టే అవుతుంది. తవ్వినప్పుడు అడుగున ఇంకో అడుగు గుంత తీసి నీళ్లు నింపి చూడాలి. గంట గడిచినా తగ్గకపోతే మొరం తగిలేదాకా వెళ్లాలి, లేదా చోటు మార్చాలి.

రెండోది నింపే వరుస. 6 అడుగుల లోతు గుంతలో కింద సగం, అంటే 3 అడుగులు, 40 మిల్లీమీటర్ల కంకర. దానిపై అడుగున్నర 20 మిల్లీమీటర్ల కంకర. ఆపై సన్నటి మెష్ పరిచి 4 నుంచి 6 అంగుళాల దొడ్డు ఇసుక. మిగతాది ఖాళీగా వదలాలి. మెష్ లేకపోతే ఇసుక కంకర సందుల్లోకి జారి మొత్తం బిగుసుకుపోతుంది. మీ గుంతకు జరిగింది అదే కావచ్చు. కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు నింపి పైన మూత వేసేవారూ ఉన్నారు. అనుమతి కోసం ఫోటో తీయడానికి తప్ప అవి దేనికీ పనికిరావు.

మూడోది వచ్చే నీళ్లు. డాబా నీళ్లే రావాలి. పార్కింగ్ కడిగిన సబ్బు నీళ్లు, ఇంజన్ ఆయిల్ వస్తే గుంతా పాడే, బోరూ పాడే. గుంతకు ముందు రెండడుగుల చిన్న తొట్టి కట్టించి ఆకులు, మన్ను అక్కడే ఆపాలి. మేలో పై ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి. మెష్ వేసి ఉంటే మీకు బహుశా ఈ ఒక్క పని చాలు.

హైదరాబాద్‌లో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు. 250 చదరపు మీటర్ల డాబా నుంచి ఆవిరి, చిమ్ములు పోను ఏడాదికి 1,70,000 లీటర్ల దాకా పట్టొచ్చు. కానీ కుండపోత వానలో 6 అడుగుల గుంత కొద్ది నిమిషాల్లోనే నిండుతుంది, పొంగు పైపు తప్పనిసరి. బోరు తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేం. రాతి నెర్రెల్లో నీళ్లు ఎటు పోతాయో మన ప్రహరీకి తెలియదు. చుట్టుపక్కల పది ఇళ్లు ఇంకిస్తే ఫలితం వేరు.

ప్రశ్న: బిల్డరూ ఓనరూ గొడవపడి పక్క సైటు ఏడాదిగా ఆగిపోయింది. లిఫ్టు గుంత నిండా నీళ్లు, దోమలు. ఫాగింగ్ చేయిస్తున్నా తగ్గడం లేదు.
— పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: ఫాగింగ్ ఎగిరే దోమను చంపుతుంది, నీళ్లలో పురుగును కాదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, సాయంత్రం పొగతో దానికి పెద్ద నష్టం లేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు. అందుకే వారానికోసారి నీళ్లు తోడేస్తే చాలు. తోడలేని లిఫ్టు గుంతలో మున్సిపల్ ఎంటమాలజీ (దోమల నివారణ) సిబ్బంది చేత లార్వా మందు వేయించండి. గంబూసియా చేపలు కూడా పనిచేస్తాయి. ఎండిపోయిన డ్రమ్ముల గోడలకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, వాటిని పీచుతో రుద్ది బోర్లించాలి. ఫిర్యాదులో రెండు వర్గాల పేర్లూ రాయండి. వాళ్ల వివాదం వాళ్లది, నోటీసు స్థల యజమానికి వస్తుంది.

ప్రశ్న: మా 300 గజాల ఇంటిని డెవలప్‌మెంట్‌కు (బిల్డరు కట్టి, ఫ్లాట్లు పంచుకునే పద్ధతికి) ఇద్దామనుకుంటున్నాం. సగం సగం అంటున్నారు. పైన పెంట్‌హౌస్ వేసి అందులోనూ వాటా ఇస్తామంటున్నారు. అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి? పన్ను ఎప్పుడు కట్టాలి?
— అన్నదమ్ములు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు మీరు ఎక్కడ నిలబడ్డారో తెలుసుకోండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రెరా (కొనేవారి రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 300 గజాలంటే 251 చదరపు మీటర్లే. కాబట్టి పెద్ద వెంచర్లలో కొనేవారికి ఉన్న రక్షణ మీకు లేదు, అగ్రిమెంటే మీ రెరా. దాన్ని బిల్డరు లాయరుతోనే రాయించి సంతకం పెట్టేవారు ఎక్కువ. మీ లాయరు వేరే ఉండాలి.

పెంట్‌హౌస్ వాటా వద్దు. ప్లానులో లేని అంతస్తుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) రాదు. దానిమీద ఆస్తి పన్నుకు నూరు శాతం జరిమానా కలిపి వసూలు చేస్తారు. ఏళ్ల తరబడి ఆ జరిమానా కట్టినా అది సక్రమం కాదు. పైగా దానివల్ల మొత్తం బిల్డింగ్ సర్టిఫికెట్ ఆగితే మీ మిగతా ఫ్లాట్లకూ చిక్కే. వాటా అన్నది "మంజూరైన ప్లాను ప్రకారం ఇన్ని చదరపు అడుగులు" అని రాయించండి, "కట్టినదాంట్లో సగం" అని కాదు.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) రెండూ కలిపి రిజిస్టర్ చేస్తారు. జీపీఏలో బిల్డరుకు ఇచ్చే అమ్మకం అధికారం అతని వాటాకే పరిమితం కావాలి. అదీ ఒక్కసారిగా వద్దు. శ్లాబులు పూర్తయ్యాక కొంత, మీ ఫ్లాట్లు అప్పగించాక మిగతాది అని విడగొట్టండి. ప్లాను మంజూరైన నెలలోపు ఏ ఫ్లాటు, ఏ పార్కింగ్ ఎవరిదో నంబర్లతో సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకోండి. అన్నదమ్ముల మధ్య గొడవలు వచ్చేది ఇక్కడే. మూల ఫ్లాటు, రోడ్డు వైపు ఫ్లాటు ఎవరిదో బిల్డర్‌తో మాట్లాడే ముందే మీలో మీరు తేల్చుకోండి. మున్సిపాలిటీ సర్టిఫికెట్ ఇచ్చేదాకా నిర్మాణంలో 10 శాతం తనఖా అడిగితే, అది బిల్డరు వాటాలోంచే పోవాలని రాయండి. అసలు దస్తావేజులు చేతికివ్వకండి, కాపీలు చాలు.

గడువు "అగ్రిమెంట్ తేదీ నుంచి" అని కాకుండా "ప్లాను మంజూరు నుంచి ఇన్ని నెలలు" అని, ప్లాను తెచ్చుకోవడానికి వేరే గడువు పెట్టి రాయాలి. లేకపోతే ప్లాను దగ్గరే ఏడాది నడుస్తుంది. గడువు దాటితే నెలకు ఫ్లాటుకు ఇంత అని, మీరు కట్టే అద్దె అప్పగించే రోజు దాకా బిల్డరే భరించాలని ఉండాలి. అప్పగింత అంటే తాళంచెవి ఇవ్వడం కాదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో ఇవ్వడం అని స్పష్టంగా రాయండి.

"బ్రాండెడ్ మెటీరియల్" అన్న మాట కొట్టేయించండి, దానికి అర్థం లేదు. కాంక్రీటు ఎం25 గ్రేడు, ఇనుము ఎఫ్‌ఈ 500డి గ్రేడు, ప్రతి శ్లాబుకూ క్యూబులు (కాంక్రీటు నమూనా దిమ్మెలు) తీసి 7, 28 రోజుల పరీక్ష రిపోర్టులు అని రాయించండి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు (పీపీసీ) 10 రోజులు తడపాలి. బాత్రూములు, డాబా టైల్స్ వేయకముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించాలి. ఈ ఒక్క షరతు తర్వాత పదేళ్ల సీలింగ్ చెమ్మను తప్పిస్తుంది.

పన్ను విషయంలో 2017లో వచ్చిన సవరణ మీకు అనుకూలం. వ్యక్తులు, హిందూ ఉమ్మడి కుటుంబాలు రిజిస్టర్డ్ అగ్రిమెంట్‌పై ఇస్తే, మూలధన లాభం పన్ను సంతకం చేసిన ఏడాది కాకుండా, నిర్మాణం పూర్తయినట్టు అధికారులు సర్టిఫికెట్ ఇచ్చిన ఏడాదిలో వస్తుంది. ఆ రోజు మీ వాటాకు ఉన్న రిజిస్ట్రేషన్ విలువ, దానికి తోడు మీరు తీసుకున్న నగదు కలిపి లెక్కిస్తారు. కానీ సర్టిఫికెట్ రాకముందే మీ వాటా అమ్మితే ఆ వెసులుబాటు పోయి, అమ్మిన ఏడాదే పన్ను పడుతుంది. పెళ్లికో చదువుకో మధ్యలో ఒక ఫ్లాటు అమ్మేవారు ఇక్కడే దెబ్బతింటున్నారు. బిల్డరు మీకిచ్చే నగదులోంచి 10 శాతం ముందస్తు పన్ను (టీడీఎస్) పట్టుకోవాలి. ఇల్లిచ్చి ఇల్లు తీసుకున్నందుకు వచ్చే మినహాయింపు సాధారణంగా ఒక్కొక్కరికి ఒక ఫ్లాటుకే. లాభం 2 కోట్లు మించకపోతే జీవితంలో ఒక్కసారి రెండు ఇళ్లకు వాడుకోవచ్చు. అందుకే స్థలం ఇద్దరి పేరా ఉందా, ఒకరి పేరా ఉందా అన్నది సంతకానికి ముందే ఆడిటర్‌కు చూపించండి.

ప్రశ్న: పక్కింటిని హాస్టల్‌గా మార్చారు. రాత్రి పన్నెండు దాకా గోల, గేటు ముందు బైకులు, మోరీలో అన్నం. ఎవరికి చెప్పాలి?
— పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ఒక్క ఫిర్యాదులో అన్నీ కలిపితే ఎవరూ పట్టించుకోరు. విడివిడిగా ఇవ్వండి. ట్రేడ్ లైసెన్సు ఉందా, ఇంటి అనుమతిని వ్యాపారానికి వాడుతున్నారా అన్నది మున్సిపల్ సర్కిల్‌కు. నివాస కనెక్షన్‌పై వాడకం ఉంటే కరెంటు వాళ్లకు 1912, నీళ్ల వాళ్లకు 155313. మోరీలో అన్నానికి సిల్ట్ చాంబరు పెట్టించమని వాటర్ బోర్డుకే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. అప్పుడు 100కు ఫోన్ చేయండి, మర్నాడు కాదు. ముందుగా వార్డెన్‌తో ఒకసారి మాట్లాడితే బైకుల సంగతి చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. పిల్లలతో గొడవ పెట్టుకోకండి, వాళ్లు కిరాయిదారులే. ఒకే మెట్లదారి, దానికింద గ్యాస్ సిలిండర్లు ఉంటే మాత్రం ఆగకుండా ఫైర్ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. అది గోల విషయం కాదు.

ప్రశ్న: ఇంటి ముందు రోడ్డు మీద రాళ్లు, పూలకుండీలు పెట్టి పార్కింగ్ మాదే అంటున్నారు. గేటు ర్యాంపు రోడ్డులోకి నాలుగడుగులు వేశారు. ఇది వాళ్ల హక్కా?
— పాఠకుడు, నాగోల్

జవాబు: కాదు. ర్యాంపు స్థలం లోపలే ఉండాలి. రోడ్డు మీది ర్యాంపు వాన నీటికి ఆనకట్ట, ఎగువ ఇంటి ముందు నీళ్లు నిలిచేది దానివల్లే. గేటు మీద "నో పార్కింగ్" అని ఎవరికి వారు రాసుకున్న బోర్డుకు చట్టబలం లేదు. అయితే గేటుకు అడ్డంగా బండి పెట్టడం నేరమే, ట్రాఫిక్ పోలీసులకు చెప్పొచ్చు. రాళ్లు మాత్రం మీరు తీసి పడేయకండి, తీసింది మీరని వాళ్లు ఫోటో పట్టుకుని తిరుగుతారు. ఫోటో తీసి సర్కిల్ ఆఫీసుకు పంపండి.